రెండు సెకండ్ హ్యాండ్ కార్లలో ఏది తీసుకోవాలి? ముందు కొలవండి, తర్వాతే డబ్బు తీయండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి. మీరు మొదటిసారి కారు కొంటున్నారు. రెండు కార్లు చూశారు. ఒకటి తొమ్మిదేళ్ల పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి నుంచి ఒకరే ఓనర్, సర్వీస్ బిల్లులన్నీ ఒక ఫైల్లో దాచారు. కాకపోతే ఇంజన్‌ని చల్లగా ఉంచే ద్రవం, అంటే కూలెంట్, అప్పుడప్పుడు కొద్దిగా పోయాల్సి వస్తోందని ఆయనే చెప్పారు. రెండోది నాలుగేళ్ల డీజిల్ ఆటోమేటిక్. మీటర్ మీద 32,000 ఉంది, కొత్తదానిలా మెరుస్తోంది, సర్వీస్ రికార్డు మాత్రం ఎక్కడో పోయిందన్నారు. మీరు రోజూ ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి, ఎనిమిది కిలోమీటర్లు వస్తారు. ఏది కొనాలి, ఏమేం చూడాలి, కొన్నాక ఏం చేయాలి, రిపేర్లకి డబ్బు వృథా కాకుండా ఎలా అని అడిగారు.

నా సమాధానం మొదటి కారు. అయితే ఆ కూలెంట్ సంగతి తేలాకే. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను, మీ నిర్ణయం మొత్తం దాని మీదే ఆగి ఉంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా కార్ల రిపేరు పనిలో ఉన్నాను. మనుషుల్ని బాగా ఇబ్బంది పెట్టిన సెకండ్ హ్యాండ్ కార్లు ఎక్కువ తిరిగినవి కావు, గతం ఏమిటో ఎవరికీ తెలియనివి. ఆయిల్ టైముకి మారుస్తూ, ఇంజన్ ఎప్పుడూ వేడెక్కిపోకుండా చూసుకుంటే పెట్రోల్ ఇంజన్ రెండు లక్షల కిలోమీటర్లు దాటడం మామూలు విషయం. అదే ఆయిల్ మార్చకుండా నడిపిన ఇంజన్‌ని 40,000 దగ్గర విప్పితే లోపలంతా తారులాంటి మడ్డి. ఆయిల్ పాన్ దింపి చూస్తే, ఆయిల్ పీల్చే జల్లెడ సగం మూసుకుపోయి ఉంటుంది. పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్‌కి ఆయిల్ చాలదు, బేరింగులు అరిగిపోతాయి. ఆ కారు బయటికి మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది.

అందుకే ఆ బిల్లుల ఫైల్ని ఒక పూట కూర్చుని చదవండి. తేదీలు, కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా? ఆయిల్ మార్పుల మధ్య ఎంత దూరం ఉంది? ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ కనిపిస్తోందా? ఇంజన్ వేడెక్కుతోందని ఒక బిల్లులో థర్మోస్టాట్, ఆర్నెల్ల తర్వాత రేడియేటర్, ఆ తర్వాత వాటర్ పంపు మార్చి ఉంటే, అసలు జబ్బు ఇంకా దొరకలేదని అర్థం. మీ విషయంలో కూలెంట్‌కి సంబంధించిన ప్రతి బిల్లునూ విడిగా తీసి పెట్టుకోండి.

ఆ ఫైల్లోనే టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు కోసం వెతకండి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌నీ పైనున్న క్యామ్ షాఫ్ట్‌నీ కలిపి తిప్పే పళ్ల రబ్బరు బెల్ట్ ఇది. చాలా ఇంజన్లలో ఇది తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి, వాల్వులు వంగిపోతాయి, ఇంజన్ పైభాగం, అంటే హెడ్, మొత్తం విప్పాల్సిందే. తెగే ముందు ఏ చప్పుడూ చేయదు, ఏ లైటూ వెలగదు. ఇంజన్ని బట్టి 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల మధ్య మార్చమని కంపెనీలు చెప్తాయి. దూరంతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, ఎందుకంటే రబ్బరు కారు కదలకపోయినా ముదురుతుంది. మీరు చూసిన ఇంజన్‌కి ఎంతో ఓనర్ పుస్తకంలో చూడండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. మార్చేటప్పుడు బెల్ట్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ కూడా మార్పించాలి. వాటర్ పంపు అదే బెల్ట్‌తో తిరిగేదైతే దాన్నీ అప్పుడే మార్పించండి, లేకపోతే తర్వాత ఇంకోసారి అంతా విప్పడానికి కూలి ఇచ్చుకోవాలి. బెల్ట్ బదులు చైన్ ఉన్న ఇంజన్ అయితే ఈ లెక్క ఉండదు. అక్కడ చల్ల ఇంజన్ స్టార్ట్ చేయగానే గలగలమనే చప్పుడు వస్తుందేమో వినాలి.

ఇప్పుడు రెండో కారు. దాని మీద మీ మనసు ఉన్నట్టు మీ మాటల్లో తెలుస్తోంది, అందుకే ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి. ఈ తరం డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. మసి నిండాక దాన్ని కాల్చి శుభ్రం చేసుకోవడానికి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి పుట్టాలంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కి, కారు ఒకే తీరుగా కొంతసేపు పరుగెత్తాలి. ఎనిమిది కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ సరిగ్గా వేడెక్కేసరికే మీ ఆఫీసు వచ్చేస్తుంది. కాల్చడం మొదలవుతుంది, మీరు ఇంజన్ ఆపేస్తారు, అది సగంలో ఆగుతుంది. మసి కాల్చడానికి అదనంగా పంపిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతూ ఉంటే కారణం తరచూ ఇదే. పల్చబడిన ఆయిల్, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో బేరింగులకి మంచిది కాదు. నాలుగేళ్లలో 32,000 అన్న లెక్క నిజమే అయినా, ఆ కారు కూడా మీలాగే చిన్న చిన్న దూరాలే తిరిగి ఉంటుంది. ఆ ఫిల్టర్ ఏ స్థితిలో ఉందో ఎవరికి తెలుసు?

ఆ లెక్క నిజమో కాదో చూడటం కూడా అవసరమే. డిజిటల్ మీటర్ని వెనక్కి తిప్పడం చిన్న పరికరంతో అయిపోయే పని. కానీ మనిషి చేతులూ కాళ్లూ తగిలిన చోట అరుగుదలని అంత తేలిగ్గా దాచలేరు. బ్రేక్ పెడల్ రబ్బరు అంచులు, స్టీరింగ్ పై భాగం, డ్రైవర్ సీటులో మనిషి దిగేటప్పుడు రాసుకునే అంచు, డ్రైవర్ సీటు బెల్ట్ అంచుల్లో లేచిన పోగులు చూడండి. 32,000 కిలోమీటర్ల కారులో పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు. పెడల్ రబ్బర్లు మాత్రమే కొత్తవైతే అది ఇంకా పెద్ద ప్రశ్న. టైర్ల పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 3521 అంటే 2021లో 35వ వారం. అంత తక్కువ తిరిగిన కారుకి సాధారణంగా మొదటి టైర్లే ఉండాలి. నాలుగూ కారు కంటే రెండేళ్లు కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి. కొన్ని కార్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్లోనో, బ్రేకులు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ యూనిట్లోనో కిలోమీటర్లు విడిగా నమోదై ఉంటాయి. కారు కంప్యూటర్‌ని చదివే మంచి స్కానర్ ఉన్న మెకానిక్ వాటిని మీటర్తో పోల్చి చూడగలడు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అంటే చెడ్డదని నేను అనను. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టర్ రకం సరిగ్గా చూసుకుంటే చాలా కాలం నడుస్తుంది. రెండు క్లచ్చులతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ రకంలో, ముఖ్యంగా ఆయిల్‌లో మునగని పొడి క్లచ్చులు ఉన్నవాటిలో, ట్రాఫిక్‌లో పాకుతూ నడిపితే క్లచ్చులు త్వరగా అరుగుతాయి. గేర్లకి బదులు బెల్ట్, పుల్లీలతో నడిచే సీవీటీలో శుభ్రమైన, సరైన ఆయిల్ లేకపోతే అవి దెబ్బతింటాయి. ఏ రకమైనా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి నడిపి చూడాలి. డ్రైవ్ లోకీ రివర్స్ లోకీ మార్చినప్పుడు చాలాసేపు ఆలస్యం, దబ్‌మనే కుదుపు, ఎక్కుడు మీద వణుకు ఉంటే ఆ కారు వదిలేయండి. "ఈ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాటని నేను ఎప్పుడూ నమ్మలేదు. గేర్‌బాక్సులు తయారు చేసే జెడ్‌ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్‌లకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని చెప్తుంది.

ఇక కారుని ఎలా చూడాలో చెప్తాను. నేను పనిలో చేరిన కొత్తలో మా తమ్ముడి కోసం ఒక కారు చూడ్డానికి వెళ్లాను. మేం వెళ్లేసరికి ఇంజన్ నడుస్తోంది. "ఏసీ చల్లబడి ఉంటుందని ముందే ఆన్ చేశాను" అన్నాడు అమ్మే ఆయన. మంచి మాటే అనిపించింది. నడిపాం, బాగుంది, కొన్నాం. మర్నాడు పొద్దున్నే తమ్ముడు స్టార్ట్ చేస్తే వాకిలంతా నీలం పొగ. వాల్వ్ సీళ్లు పోయాయి, రాత్రంతా ఆయిల్ కిందికి కారి సిలిండర్లలో చేరింది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆ పొగ కనబడలేదు. తమ్ముడు కూడబెట్టిన డబ్బు నా మాట మీద పెట్టాడు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఇంజన్ చల్లగా లేకపోతే కారు చూడను. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే, "రేపు పొద్దున వస్తాను, స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని మర్యాదగా చెప్పి వచ్చేయండి.

చల్ల ఇంజన్ దొరికాక తొందరపడకండి. ముందు బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ చూడండి, ఆయిల్ మట్టం గీతల మధ్య ఉండాలి. ఆయిల్ మూత తిప్పి లోపల చూడండి. మీగడలాంటి తెల్లటి పదార్థం ఉంటే నీళ్లు కలిశాయన్న అనుమానం వస్తుంది. కానీ ఎప్పుడూ చిన్న దూరాలే తిరిగే కార్లలో గాలిలోని తేమ వల్ల కూడా మూత కింద కొంచెం అలా పడుతుంది, కాబట్టి ఒక్క దానితోనే తీర్పు ఇవ్వకండి. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపేయవచ్చు. కూలెంట్ శుభ్రమైన రంగులో ఉండాలి, తుప్పు నీళ్లలాగా, పైన నూనె తేలుతూ ఉండకూడదు. ఇంజన్ చుట్టూ బాగా కడిగి పాలిష్ పెట్టి ఉంటే నాకు సంతోషం కలగదు, కారుతున్న చోట్లు కూడా కడుక్కుపోతాయి. సమంగా పట్టిన పొడి దుమ్ము నిజం చెప్తుంది.

తర్వాత తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ఆగండి. ఆయిల్, బ్యాటరీ, ఇంజన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు కొన్ని సెకన్లలోనో, ఇంజన్ నడవగానేనో ఆరిపోవాలి. అసలు వెలగని ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఆరని దానికంటే ప్రమాదం. ప్రమాదంలో పేలిన ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా బల్బు తీసేసి ఉండవచ్చు. ఇప్పుడు స్టార్ట్ చేయించి మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. మొదటి నిమిషాల్లో పల్చటి తెల్ల ఆవిరి వచ్చి మాయమైతే మామూలే. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా ఆగని దట్టమైన తెల్ల పొగ అంటే కూలెంట్ లోపలికి వెళ్తోంది. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువవుతోంది, ఈ మూడింటిలో సాధారణంగా తక్కువ ఖర్చుతో పోయేది ఇదే.

బాడీ విషయంలో ఒక డోర్‌కి మళ్లీ పెయింట్ వేశారని కారు వదులుకోనక్కర్లేదు. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది. ఫ్యాక్టరీ పెయింట్ ఎక్కువ కార్లలో 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య, కారంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక చోట 250, 300 వచ్చిందంటే మళ్లీ వేశారు. 1000 దాటితే కింద పుట్టీ ఉంది. డోరూ బంపరూ ఊడదీసి మార్చే వస్తువులు. నన్ను భయపెట్టేది పైకప్పు, డోర్ల మధ్య స్తంభాలు, ముందు వెనక చాసిస్ రెయిళ్లు. డిక్కీలో చాప ఎత్తి, స్టెప్నీ తీసి, అడుగు రేకులో ముడతలు, కొత్త వెల్డింగ్ మచ్చలు ఉన్నాయేమో చూడండి.

వరదలో మునిగిన కారుని మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే అయిపోయింది. సీటు పట్టాలూ, డాష్‌బోర్డ్ కింద స్క్రూలూ తుప్పు పట్టి ఉండటం కూడా అదే చెప్తుంది. వైరింగ్ కనెక్టర్లలో పట్టిన చిలుము ఏళ్ల తరబడి కొత్త కొత్త చోట్ల బయటపడుతూనే ఉంటుంది.

నడిపి చూసేటప్పుడు అరగంటైనా నడపండి, పాటలు ఆపేయండి. పై గేర్లో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, స్పీడు పెరగకుండా ఇంజన్ శబ్దం మాత్రమే పెరిగిందంటే క్లచ్ జారుతోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలితే టకటక వచ్చిందంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. హైవే మీద ఒకే తీరు హోరు వస్తూ, ఒక వైపు తిరిగినప్పుడు పెరిగి రెండో వైపుకి తగ్గితే వీల్ బేరింగ్. ఇవన్నీ బాగుచేయగలిగినవే, ధరలో తగ్గించమని అడగడానికి పనికొస్తాయి. తిరిగొచ్చాక ఇంజన్ నడుస్తుండగానే టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉందా, ఫ్యాన్ తిరుగుతోందా చూడండి.

ఆ తర్వాత అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌ని తీసుకెళ్లి, లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూపించండి. అతని సమయానికి డబ్బు ఇవ్వండి, "కొంటే ఇస్తా" అనకండి. కొనొద్దని చెప్పే స్వేచ్ఛ అతనికి ఉండాలి. స్కానర్ పెట్టినప్పుడు లోపాల కోడ్లు ఏమీ లేవని సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లు చూడమనండి. ఇవి కారు తనని తాను పరీక్షించుకున్న రికార్డు. ఎవరైనా ఆ పొద్దున్నే కోడ్లు చెరిపేసి ఉంటే ఇవి కూడా చెరిగిపోయి, పరీక్ష పూర్తికాలేదని చూపిస్తాయి. కారు గుర్తింపు సంఖ్య, అంటే విన్ నంబరు, 17 అక్షరాలూ అంకెలూ కలిపి ఉంటుంది, అందులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు రావు. చాసిస్ మీద, ప్లేటు మీద, కాగితాల్లో ఒకటే ఉందా చూడండి. లోపం సరిచేయడానికి కంపెనీ కార్లని వెనక్కి పిలవడాన్ని రీకాల్ అంటారు, ఆ నంబరుతోనే అలాంటిది ఏమైనా పెండింగ్‌లో ఉందేమో అడగండి. టకాటా అనే సంస్థ ఎయిర్‌బ్యాగుల లోపం వల్ల ప్రపంచవ్యాప్తంగా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. అలాంటి మరమ్మతు ఉచితంగా చేస్తారు, చేయించకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

కొన్నాక చేయాల్సింది. కారు ధరలో ఆరో వంతైనా చేతిలో ఉంచుకుని కొనండి, మొత్తం డబ్బు కారుకే పెట్టేస్తే మొదటి నెలలోనే టెన్షన్ మొదలవుతుంది. మొదటి వారంలో ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి. ముందు ఓనర్ నిన్ననే మార్చానన్నా సరే, ఆ తేదీ నుంచి లెక్క మీ చేతిలో ఉంటుంది. బ్రేక్ ఆయిల్‌ని అందరూ మర్చిపోతారు. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక 155 ఉంటే చాలని ప్రమాణం ఒప్పుకుంటుంది. తేడా ఎంతో చూడండి. పొడవైన దిగుడులో బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చండి. కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణం లేదు. పుస్తకంలో రాసిన రకమే కొనండి, ఆయిల్‌కీ అంతే. ఆయిల్ చిక్కదనం 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటే అదే పోయించండి, చిక్కటి ఆయిల్ పోస్తే పాత ఇంజన్‌కి బలం వస్తుందన్న మాట వినకండి.

నడిపేటప్పుడు నేను పట్టుబట్టి చెప్పేవి రెండే. రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ చూడండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. గాలి ఎంతో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది, టైరు మీద ముద్రించినది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం మాత్రమే. రెండోది, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు ఎక్కితే వెంటనే పక్కకి ఆపి ఇంజన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని నడిపినవాళ్ల కార్లే హెడ్ వంగి నా దగ్గరకి వస్తాయి. అప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకండి, ఒత్తిడితో మరుగుతున్న నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

రిపేర్ల విషయంలో డబ్బు ఎక్కువగా పోయేది ఊహ మీద భాగాలు మార్చడం వల్ల. ఒకాయన కారు పొద్దున స్టార్ట్ కావట్లేదని వేరే చోట బ్యాటరీ రెండుసార్లు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఒకసారి మార్పించి, చివరికి నా దగ్గరకి తెచ్చారు. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, ఇంజన్ నడుస్తుంటే 14.2. రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. స్టార్టర్ తిప్పుతూ బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య కొలిస్తే దాదాపు రెండు వోల్టులు. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ వైరు చివర తుప్పు పట్టింది. విప్పి, గీకి, బిగిస్తే సరిపోయింది. అంతకు ముందు పెట్టిన ఖర్చంతా ఒక మల్టీమీటర్ పెట్టకపోవడం వల్ల వచ్చిందే.

స్కానర్ కోడ్ కూడా ఇలాగే. పీ0420 అంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని కంప్యూటర్ అనుమానం, అంతేగానీ కొత్తది కొనమని కాదు. ఎగ్జాస్ట్ లీకు, సెన్సరు, మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) వీటిలో ఏదైనా ఆ కోడ్ రప్పించగలదు. పీ0171 అంటే గాలికి తగిన ఇంధనం అందట్లేదని. ముందు పగిలిన వాక్యూమ్ గొట్టం వెతకాలి, తర్వాతే సెన్సర్లు. కాబట్టి మెకానిక్‌ని "ఏం మార్చాలి?" అని కాకుండా "ఇదే పోయిందని ఎలా తెలిసింది?" అని అడగండి. కొలిచి చూసినవాడు కోపం తెచ్చుకోడు, చూపిస్తాడు. మార్చిన పాత భాగాలు తీసిచ్చేయమని ముందే చెప్పండి.

ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్లు, బల్బులు, బ్యాటరీ మీరే మార్చుకోవచ్చు. నేర్చుకుంటే స్పార్క్ ప్లగ్గులు కూడా. జాక్ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్, సస్పెన్షన్ స్ప్రింగులు, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్లు మీ పని కాదు.

ఇప్పుడు మొదటి కారు కూలెంట్. ఓనరే చెప్పారంటే దాచే ఉద్దేశం లేదు, మంచిదే. కానీ ఆయనకి కారణం తెలియకపోవచ్చు. బయటికి కారుతూ ఉండవచ్చు: గొట్టం క్లిప్పు, రేడియేటర్ ప్లాస్టిక్ అంచు, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం, మూత రబ్బరు. హీటర్ లోపల కారితే ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తుంది. ఇవన్నీ మామూలు రిపేర్లు. లేదా లోపలికి పోతూ ఉండవచ్చు, అంటే హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు, హెడ్ గాస్కెట్, పోయినట్టు. అది ఇంజన్ విప్పే పని.

రెండింటినీ వేరు చేయడానికి మూడు పరీక్షలు చాలు. మొదటిది, చల్ల ఇంజన్ మీద ప్రెషర్ టెస్ట్. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే పంపు కొట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ముల్లు పడిపోతుందేమో చూస్తారు. పడిపోతే, తడి ఎక్కడ కనిపిస్తుందో వెతుకుతారు. రెండోది, స్పార్క్ ప్లగ్గులు తీసి పక్కపక్కన పెట్టి చూడటం. నాలుగింటిలో మూడింటి మీద గోధుమ రంగు ఉండి ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్లోకి కూలెంట్ వెళ్తోంది. మూడోది నాకు బాగా నమ్మకమైనది, నీలం ద్రవంతో చేసే గ్యాస్ పరీక్ష. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూలెంట్ పైనున్న గాలిని ఆ ద్రవం గుండా పీలుస్తారు. అందులో మండిన వాయువు ఉంటే ద్రవం నీలం నుంచి పసుపుకి మారుతుంది. హెడ్ గాస్కెట్ చాలా కొద్దిగా కారుతుంటే ఒక్కోసారి ఇది పట్టదు, అందుకే మిగతా రెండూ చేయించమంటున్నాను. మూడింటికీ కలిపి గంటన్నర పడుతుంది, ఓనర్‌ని ముందే అడిగి మీ ఖర్చుతోనే చేయించండి.

ద్రవం నీలంగానే ఉండి, ప్లగ్గులన్నీ ఒకేలా ఉండి, తడి బయట ఎక్కడో కనిపిస్తే, ఆ రిపేరు, టైమింగ్ బెల్ట్ ఖర్చు ధరలో తగ్గించుకుని ధైర్యంగా తీసుకోండి. పసుపుకి మారితే ఓనర్‌కి కృతజ్ఞతలు చెప్పి వచ్చేయండి. అప్పుడు కూడా రెండో కారు వైపు వెళ్లకుండా ఇంకో పెట్రోల్ కారు వెతకండి. పరీక్ష చేయించాక ఏం వచ్చిందో, ప్లగ్గుల ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను చూసి చెప్తాను.